ఆర్‌వీ పైన ఏసీ ఆగితే... బోరు మోటారు గుర్తొచ్చింది!

మధ్యాహ్నం రెండు దాటింది. బయట 40 డిగ్రీల ఎండ. అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలో పేజ్ అనే చిన్న ఊరు. పక్కనే లేక్ పావెల్. ఇన్‌స్టాలో మీరంతా చూసే ఉంటారు, ఆ హార్స్‌షూ బెండ్ కూడా అక్కడికి దగ్గరే. మేం మాత్రం ఇవేవీ చూడకుండా అద్దెకు తెచ్చుకున్న ఆర్‌వీలో కూర్చుని, తలలు పైకెత్తి సీలింగ్ వంక చూస్తున్నాం. అందులోని ఏసీ ఆగిపోవడం అది మూడోసారి మరి!

రెండేళ్ళ కిందటి జూలై సంగతి ఇది. రెంటచింతల నుంచి అమ్మానాన్న వచ్చారు. నేను, మా ఆవిడ, నాలుగేళ్ళ బుడ్డోడు. మొత్తం అయిదుగురం. లాస్ వేగాస్‌లో బండి తీసుకుని, నాలుగున్నర గంటలు నడిపి పేజ్ చేరాం. ఆర్‌వీ అంటే తెలుసుగా? మంచాలు, వంటగది, బాత్రూమ్ అన్నీ ఉన్న చక్రాల ఇల్లు. ఇల్లు అనుకుంటాం కానీ ఎండలో నిలబెడితే అదొక రేకుల డబ్బా. గోడలు పల్చన, కిటికీలు ఎక్కువ. పైన ఉన్న ఏసీ ఆగిందంటే పది, పదిహేను నిమిషాల్లోనే తేడా తెలిసిపోతుంది.

ఈ సమ్మర్‌లో ఆర్‌వీ ట్రిప్ ప్లాన్ చేసుకుంటున్న మన వాళ్ళు చాలామందే ఉన్నారు. అందుకే ఈ వారం ఆ ఏసీ గురించే. అది ఎందుకు ఆగుతుంది, ఆగితే ఏం చూడాలి, ఏం ముట్టుకోకూడదు... అన్నీ మాట్లాడుకుందాం. ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెప్పేస్తాను.

నారింజ రంగు వైరు

కాంప్‌గ్రౌండ్‌లో ప్రతి బండికీ ఒక కరెంటు స్తంభం ఉంటుంది. మన మోటారు షెడ్డులో స్టార్టర్ డబ్బా ఉంటుందే, దాదాపు అంత సైజు. బండి నుంచి వచ్చే లావుపాటి కేబుల్‌ని దానికి తగిలించాలి. ఆ కేబుల్ సాధారణంగా బండికి ఎడమవైపు, వెనక భాగంలో ఉంటుంది. స్తంభం కూడా అటే వచ్చేలా బండిని రివర్స్‌లో పెట్టాలి.

నేనేం చేశానంటే, ముందు అద్దంలోంచి సరస్సు కనిపించాలని బండిని తిన్నగా లోపలికి పోనిచ్చాను. దాంతో కేబుల్ స్తంభానికి అందలేదు. ఊళ్ళోకి వెళ్ళి 50 అడుగుల నారింజ రంగు ఎక్స్‌టెన్షన్ వైరు, ఒక అడాప్టర్ కొనుక్కొచ్చాను. 30 ఆంప్స్ కేబుల్‌ని ఆ సన్న వైరుకు కలిపి, స్తంభం మీదున్న మామూలు ప్లగ్గులో పెట్టేశా. ఏసీ ఆన్ అయింది. చల్లగాలి వచ్చింది. నా అంత మొనగాడు లేడనుకున్నా.

అరగంట బాగానే నడిచింది. తర్వాత ఫ్యాన్ తిరుగుతూనే ఉంది కానీ వచ్చేది వేడిగాలి. ఓ ఇరవై అయిదు నిమిషాలకు మళ్ళీ చల్లబడింది. పది నిమిషాలకు మళ్ళీ మామూలే. నేను థర్మోస్టాట్‌ని కిందికి, ఇంకా కిందికి నొక్కుతూ పోయాను. ఈలోగా మా ఆవిడ బుడ్డోడికి అన్నం వేడి చేద్దామని మైక్రోవేవ్ పెట్టింది. టప్! బ్రేకర్ పడిపోయింది. ఎత్తాను. పడింది. మళ్ళీ ఎత్తాను.

అప్పుడు నాన్న అన్నాడు, ‘‘ఒరేయ్, ఇది లో ఓల్టేజీ రా. స్టార్టయ్యేటప్పుడు మన బోరు మోటారు మూలిగినట్టే మూలుగుతోంది.’’

నేను నవ్వేశాను. ‘‘నాన్నా, ఇది అమెరికా. ఇక్కడ లో ఓల్టేజీ ఏముంటుంది?’’

నాన్న ఇంకేం మాట్లాడలేదు. ముప్పై ఏళ్ళు మిరప తోటకు బోరు కింద నీళ్ళు పెట్టిన మనిషి. లో ఓల్టేజీకి కాలిపోయిన మోటార్లు ఎన్ని రీవైండింగ్ చేయించాడో ఆయనకే తెలుసు.

అమ్మ సంగతి

ఈ గొడవలో నేను అమ్మని సరిగ్గా చూడలేదు. తడి తువ్వాలు తలకు చుట్టుకుని వెనక మంచం మీద పడుకుంది. ‘‘తల నొప్పిగా ఉందిరా, లేస్తే తూలుతోంది’’ అంది. నేను కంగారు పడేలోపే, ‘‘ఏం లేదులే, రెంటచింతల ఎండ చూసినదాన్ని, ఇదెంత’’ అనేసింది. ఆమెకు అరవై ఎనిమిదేళ్ళు. బీపీకి ఒంట్లో నీళ్ళు తగ్గించే మాత్ర వాడుతోంది. అలాంటి మాత్రలు వేసుకునే వాళ్ళకు ఎండదెబ్బ ముప్పు ఎక్కువని నాకు తెలుసు. తెలిసి కూడా బ్రేకర్‌తో కుస్తీ పడుతున్నా.

పక్క ట్రెయిలర్‌లోంచి ఒక పెద్దాయన వచ్చాడు. రిటైరయిన ఎలక్ట్రీషియనట. నా నారింజ వైరు చూసే వచ్చానని తర్వాత చెప్పాడు. వచ్చినవాడు ఏసీ వంక కూడా చూడలేదు. అమ్మని చూసి, ‘‘ముందు ఆవిడనీ బాబునీ లాండ్రీ గదికి తీసుకెళ్ళు, అక్కడ ఏసీ ఉంది. ఇది తర్వాత చూద్దాం’’ అన్నాడు.

మా ఆవిడ వాళ్ళిద్దర్నీ తీసుకెళ్ళింది. అమ్మ చల్లటి గదిలో కూర్చుని గుక్క గుక్కగా నీళ్ళు తాగుతూ గంటకి తేరుకుంది. ఏసీ గురించి ఏమీ గుర్తు లేకపోయినా ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ముందు మనుషుల్ని బండిలోంచి కదిలించాలి, ఆ తర్వాతే రిపేరు.

102 ఓల్టులు

అప్పుడు పెద్దాయన మీటరు తీశాడు. బండి లోపలి ప్లగ్గులో పెడితే, ఏసీ నడుస్తుండగా 102 ఓల్టులు. అక్కడ ఉండాల్సింది 120. స్తంభం దగ్గర చూస్తే 108. మధ్యాహ్నం కాబట్టి కాంప్‌గ్రౌండ్‌లో అందరి ఏసీలూ నడుస్తున్నాయి. అందుకని స్తంభానికి వచ్చేదే తక్కువ. మిగతా ఆరు ఓల్టులు ఏమయ్యాయి? నా సన్న వైరు మింగేసింది. చేత్తో పట్టుకుంటే వేడిగా ఉంది. అడాప్టర్ ప్లగ్గు పిన్నుల దగ్గర ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగింది. ఇంకో గంట అలాగే వదిలేస్తే ఏమయ్యేదో ఊహించుకోవడం నాకిష్టం లేదు.

లెక్క చాలా సింపుల్. ఆర్‌వీ పైకప్పు ఏసీలు ఎక్కువగా 13,500 లేదా 15,000 బీటీయూవి. టన్ను అంటే 12,000 బీటీయూ కాబట్టి, మన భాషలో టన్ను పైచిలుకు ఏసీ. మన దగ్గర ఇంటి కరెంటు 230 ఓల్టులు. అక్కడ 120. అదే పని సగం ఓల్టేజీతో చేయాలంటే ఇంచుమించు రెట్టింపు ఆంప్స్ లాగాలి. నడిచేటప్పుడు 13 నుంచి 16 ఆంప్స్ దాకా. స్టార్టయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు. మన ఇళ్ళలో ఒకటిన్నర టన్ను ఏసీకి ఎలక్ట్రీషియన్లు 4 ఎంఎం వైరు వేస్తారు. నేను కొన్న 16 గేజ్ వైరు ఎంతో తెలుసా? సుమారు 1.3 ఎంఎం!

ఓల్టేజీ తగ్గితే కంప్రెసర్ మోటారు పని తగ్గించుకోదు. ఆ పని చేయడానికే ఇంకా ఎక్కువ ఆంప్స్ లాగుతుంది, వేడెక్కుతుంది. అది కాలిపోకుండా లోపల ‘ఓవర్‌లోడ్’ అనే చిన్న కాపలాదారు ఉంటాడు. వేడి హద్దు దాటగానే కంప్రెసర్‌ని ఆపేస్తాడు. చల్లారాక మళ్ళీ వదులుతాడు. మా ఏసీ చేసింది అదే. అది పాడైపోలేదు. తనను తాను కాపాడుకుంటోంది. నేనేమో దాన్ని బలవంతంగా నడిపించాలని చూస్తున్నాను.

పెద్దాయన చెప్పినట్టు బండిని రివర్స్ చేసి, వైరు పారేసి, అసలు కేబుల్‌ని 30 ఆంప్స్ ప్లగ్గుకి నేరుగా తగిలించాం. లోపల 107 ఓల్టులు వచ్చింది. గొప్పేం కాదు కానీ ఫర్వాలేదు. వాటర్ హీటర్‌ని గ్యాస్ మీదికి మార్చాం, మైక్రోవేవ్ జోలికి పోలేదు. సాయంత్రం నాలుగింటికి మొదలైన ఏసీ మళ్ళీ ఆగలేదు. రాత్రికి 118 ఓల్టులు, లోపల హాయిగా ఉంది.

ఎలా ఆగిందో చూస్తే ఎందుకో తెలుస్తుంది

ఆ రోజు నేర్చుకున్నదీ, తర్వాత మరో నాలుగు ట్రిప్పుల్లో అర్థమైందీ ఒకటే. ఏసీ ఆగగానే కంగారుగా బటన్లు నొక్కకండి. ఎలా ఆగిందో గమనించండి.

1. ఫ్యాన్‌తో సహా మొత్తం ఆగిపోతే: బ్రేకర్ పడి ఉంటుంది. లేదా బండికి ఓల్టేజీ కాపలా పరికరం ఉంటే అది కట్ చేసి ఉంటుంది. మన స్టెబిలైజర్ ‘టక్’ మని ఆపేస్తుంది కదా, అలాంటిదే. చాలావరకు 104 ఓల్టుల దగ్గర్లో ఆపేస్తాయి. 30 ఆంప్స్ బండిలో మొత్తం కరెంటు 3,600 వాట్లే. ఏసీ, మైక్రోవేవ్, ఎలక్ట్రిక్ మోడ్‌లో వాటర్ హీటర్ మూడూ కలిస్తే దాటిపోతుంది. ఒక్కోటి ఆపి చూడండి. ఒకసారి ఎత్తాక మళ్ళీ పడితే ఇక ఎత్తొద్దు. ప్లగ్గులు చూడండి. నలుపు, గోధుమ మరకలు, కాలిన వాసన ఉంటే అది ప్రమాదం.

2. ఫ్యాన్ తిరుగుతూ వేడిగాలి వచ్చి, కాసేపటికి మళ్ళీ చల్లబడితే: కంప్రెసర్ వేడెక్కి ఆగుతోంది. మా కేసు ఇదే. ఓల్టేజీ బాగానే ఉంటే అప్పుడు పైకప్పు మీద చూడాలి. అక్కడి ప్లాస్టిక్ మూత కింద ఉండే కాయిల్ రేకుల్లో దుమ్ము, ఎండుటాకులు, కందిరీగల గూళ్ళు ఇరుక్కుంటే లోపలి వేడి బయటికి పోదు. అద్దె బండి అయితే మీరు ఎక్కొద్దు. కంపెనీకి ఫోన్ చేయండి.

3. గాలి క్రమంగా తగ్గిపోయి, సీలింగ్ నుంచి నీళ్ళు కారితే: లోపల ఐసు కట్టింది. తేమ ఎక్కువుండే చోట ఇది మామూలే. టెక్సాస్‌లోని గాల్వెస్టన్ తీరానికి వెళ్ళిన మా ఫ్రెండ్ గ్యాంగ్‌కి రాత్రంతా ఇదే గోల. గది చల్లబడట్లేదని థర్మోస్టాట్‌ని బాగా తగ్గించారు. సౌండ్ వస్తోందని ఫ్యాన్ ‘లో’లో పెట్టారు. పైగా ఫిల్టర్ నిండా కుక్క బొచ్చు. గాలి ఆడక కాయిల్ గడ్డకట్టేసింది. మందు తేలికే. కూలింగ్ ఆపి, ఫ్యాన్ ఒక్కటే ‘హై’లో ఓ గంట నడిపితే ఐసు కరుగుతుంది. ఫిల్టర్ కడిగి, ఆరాక పెట్టండి. అయినా మళ్ళీ కడితే, చల్లగాలి వెంట్లలోకి పోకుండా సీలింగ్ లోపలే లీకై వెనక్కి వస్తోందేమో చూడాలి. ఆ సందుల్ని అల్యూమినియం టేపుతో మూస్తే చాలా బండ్లలో సమస్య తీరిపోతుంది.

4. గది వేడిగా ఉండగానే అయిదు నిమిషాలకోసారి ఆగుతుంటే: థర్మోస్టాట్ మోసపోతోంది. చల్లగాలి నేరుగా దాని మీద పడుతుంటే గది చల్లబడిందనుకుంటుంది. వెంట్లు పక్కకి తిప్పండి, మూసి ఉన్నవి తెరవండి. ఇంకో సంగతి. ఏసీ నడిచేది 120 ఓల్టుల మీదే అయినా, చాలా బండ్లలో దానికి ఆర్డర్లు ఇచ్చే బోర్డు, థర్మోస్టాట్ 12 ఓల్టుల బ్యాటరీ లైను మీద ఉంటాయి. బ్యాటరీ చచ్చుగా ఉంటే ఆర్డర్లే అందవు.

5. ‘ఊఁ...’ అని మూలిగి బ్రేకర్ పడితే: ఓల్టేజీ సరిగ్గా ఉన్నా ఇలా జరిగితే కెపాసిటర్ అలిసిపోయి ఉండొచ్చు. అది చవకైన పార్టే కానీ మీరు ముట్టుకోవద్దు. కరెంటు తీసేశాక కూడా దాంట్లో షాక్ కొట్టేంత చార్జ్ మిగిలి ఉంటుంది. తెలిసినవాళ్ళనే పిలవండి.

ఇంకోటి, ఏసీ ఆగితే మన దగ్గర ఫస్ట్ వినిపించే మాట ‘గ్యాస్ అయిపోయింది’. ఈ పైకప్పు ఏసీలు ఫ్రిజ్ లాగా సీల్ చేసి వస్తాయి. చాలావాటికి గ్యాస్ నింపే వాల్వులే ఉండవు. కాబట్టి ఆ అనుమానం అన్నిటికన్నా చివర్లో పెట్టుకోండి.

జనరేటర్ మీద నడిపేవాళ్ళకు

కొండ ఎక్కేకొద్దీ గాలి పల్చబడి జనరేటర్ బలం తగ్గుతుంది. ప్రతి వెయ్యి అడుగులకూ సుమారు మూడు, మూడున్నర శాతం పోతుంది. గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ దాదాపు 7,000 అడుగుల ఎత్తు. కింద 4,000 వాట్లు ఇచ్చేది అక్కడ 3,000 పైచిలుకే ఇస్తుంది. ఏసీతో పాటు ఇంకోటి పెడితే ఆగిపోతుంది. చాలా మోటార్ హోముల్లో పెట్రోలు పావు ట్యాంకుకి దిగగానే జనరేటర్ దానంతటదే ఆగుతుంది. మీరు ఎడారిలో చిక్కుకుపోకుండా అలా డిజైన్ చేశారు. అది రిపేరు కాదు. విడి జనరేటర్ తెచ్చుకుంటే మాత్రం కిటికీ కింద, బండి పక్కన పెట్టకండి. దాంట్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. లోపలి అలారం పనిచేస్తోందో లేదో మొదటి రోజే నొక్కి చూడండి.

బయల్దేరే ముందు ఇవి చేసేయండి

ప్లగ్గులో పెట్టే చిన్న ఓల్టేజీ మీటరు ఒకటి కొనండి. 20 డాలర్లకు అటూ ఇటూ. కాంప్‌సైట్ చేరగానే, బండి తగిలించక ముందే స్తంభం దగ్గర చూడండి. తక్కువుంటే వేరే సైట్ అడగండి. ప్లగ్గు పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ స్తంభం బ్రేకర్ ఆఫ్‌లో ఉండాలి.

ఎక్స్‌టెన్షన్ తప్పదంటే 30 ఆంప్స్‌కి 10 గేజ్ కేబులే కొనండి. గేజ్ నంబరు తగ్గేకొద్దీ వైరు లావన్నమాట. నాలాగా రంగు చూసి కొనొద్దు.

ఏసీని పొద్దున్నే, బండి ఇంకా చల్లగా ఉన్నప్పుడే ఆన్ చేయండి. లోపలికి తీసుకున్న గాలిని అది ఒక విడతలో పది, పదకొండు డిగ్రీల దాకా చల్లబరుస్తుంది. రెండింటికి నిప్పులా కాలాక మొదలెట్టి, 16లో పెట్టినా దాని స్పీడు పెరగదు. ఎండ పడే కిటికీలకు పరదాలు వేయండి. బయట 40 ఉంటే లోపల 27 వచ్చినా సంతోషించండి.

ఆగిన ఏసీని వెంటనే ఆన్ చేయొద్దు. లోపలి ప్రెషర్ సర్దుకోవడానికి మూడు నుంచి అయిదు నిమిషాలు ఇవ్వండి.

ఏసీని నమ్మి పిల్లల్ని, పెద్దవాళ్ళని, కుక్కని బండిలో వదిలి ‘గంటలో వచ్చేస్తాం’ అని ట్రెక్కింగ్‌కి పోకండి. మీరు లేనప్పుడు బ్రేకర్ పడితే ఎత్తేవాళ్ళు ఉండరు. ఎవరికైనా తలనొప్పి, తూలు, వికారం మొదలైతే చల్లటి చోటికి మార్చండి. మాట తడబడినా, అయోమయంగా మాట్లాడినా, స్పృహ తప్పినా ఆలోచించకుండా 911కి కాల్ చేయండి.

ఆ రోజు సాయంత్రం అమ్మ బండిలోకి వచ్చి, ఏసీ కింద కుర్చీ వేసుకుని, అందరికీ పెరుగన్నం కలిపింది. నాన్న తన గిన్నె అందుకుంటూ చాలా మామూలుగా అడిగాడు.

‘‘మీటరు ఎంత చూపించిందిరా?’’

‘‘నూట రెండు, నాన్నా.’’

‘‘ఊఁ’’ అన్నాడు. అంతే. ఆవకాయ బద్ద ఒకటి నా గిన్నెలో వేశాడు.

ఇప్పుడు ఏ మెషీన్ మూలిగినా ముందు ఆయనకే వీడియో కాల్ చేస్తున్నా. మీ ట్రిప్పులో కూడా ఏదైనా ఇలాగే మొండికేసిందా? రాయండి, మాట్లాడుకుందాం. మళ్ళీ వచ్చే వారం!